ఏసీ వేయగానే ముక్కిన వాసన: కూలింగ్ కాయిల్ మార్చమంటున్నారు, మార్చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఉండేది విజయవాడ పటమటలో, రోజూ మంగళగిరి వెళ్లొస్తారు, ఆరేళ్ల పెట్రోల్ కారు. ఏసీ వేయగానే ఆరని బట్టల వాసన వస్తుంది, రెండు మూడు నిమిషాలకు తగ్గుతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే మళ్లీ ఒకసారి గుప్పుమంటుంది. సర్వీస్ సెంటర్‌లో రెండుసార్లు ‘ఏసీ ట్రీట్‌మెంట్’ చేయించారు. రెండు నెలలు బాగుండి మళ్లీ మొదలైంది. ఇప్పుడు డ్యాష్‌బోర్డు దింపి కొత్త కూలింగ్ కాయిల్ వేయాలి, 14 వేలు అవుతుంది అంటున్నారు. అమ్మగారికి ఆస్తమా, అందుకే టెన్షన్.

జవాబు ముందే చెప్పేస్తాను. వాసన ఒక్కదాని కోసం కాయిల్ మార్చకండి. కాయిల్ లీకైతే మారుస్తాం, రేకులు పుచ్చిపోతే మారుస్తాం. మీరు రాసినదాన్ని బట్టి మీ కారుకి ఏసీ ఫిల్టరు (లోపలికి వచ్చే గాలిని వడకట్టేది) మార్చి, డ్రెయిన్ పైపు చూసి, కాయిల్‌ని ఫోమ్‌తో సరిగ్గా కడిగి, పూర్తిగా ఆరబెడితే చాలు. మా షెడ్డులో అయితే 1,500 నుంచి 2,500 రూపాయల లోపు పని. ఆ తర్వాత ఇంటికొచ్చి కారు ఆపే పద్ధతి మీరు కొంచెం మార్చుకోవాలి. అది మారకపోతే 14 వేలు పెట్టి కొత్త కాయిల్ వేసినా వచ్చే వానాకాలానికి ఇదే వాసన మళ్లీ వస్తుంది.

ఆటోనగర్‌లో 24 ఏళ్లుగా కార్ల ఏసీ పనే చేస్తున్నాను. అందులో వాసన కేసులు ఎన్ని చూశానో లెక్క లేదు. ఏటా జూన్‌లో తొలి వానలు పడగానే ఒక విడత వస్తాయి. చలికాలమంతా ఏసీ వాడకుండా ఫిబ్రవరిలో మొదటిసారి బటన్ నొక్కినవాళ్లది ఇంకో విడత.

అసలు ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే మిమ్మల్ని ఎవరూ తికమక పెట్టలేరు. గ్లవ్ బాక్సు వెనకాల ఒక నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో నిలబెట్టి ఉండేదే కూలింగ్ కాయిల్. అల్యూమినియం రేకులు, పేల దువ్వెన పళ్లంత దగ్గర దగ్గరగా ఉంటాయి. లోపల గ్యాస్ తిరుగుతుంటే ఆ రేకులు మంచు పట్టేదానికి కొంచెం ఇవతల దాకా చల్లబడతాయి. ఇక మన గాలి సంగతి తెలిసిందే, ఒక పక్క కృష్ణ, డెబ్బై కిలోమీటర్లు పోతే బందరు సముద్రం. చల్లటి మంచినీళ్ల గ్లాసుకి బయట చెమట పట్టినట్టే ఈ కాయిల్‌కీ పడుతుంది. చెమ్మ ఎక్కువున్న రోజు గంట ప్రయాణంలో ఒక లీటరు బాటిల్ నిండేంత నీళ్లు కారడం మామూలే.

ఆ నీళ్లు డ్రెయిన్ పైపు గుండా రోడ్డు మీదకు పోతాయి. పోయేదేదో పోయినా రేకుల మధ్య తడి మిగిలే ఉంటుంది. మీరు ఇంటి ముందు కారు ఆపి తాళం తీసేస్తారు. చీకటి డబ్బా, లోపల తడి, ఆ తడికి అంటుకున్న దుమ్ము, పుప్పొడి, మన ఒంటి నుంచి, బట్టల నుంచి రాలే పొట్టు. ఎండలో నిలబెట్టిన కారులో వేడి కూడా తోడవుతుంది. బూజుకి ఇంతకన్నా ఏం కావాలి? వాన తడిసిన గోనెసంచిని గదిలో మూలకు పడేస్తే రెండు రోజుల్లో ఏమవుతుందో లోపల అదే జరుగుతోంది.

మీకు మొదటి రెండు నిమిషాలే ఎందుకు వస్తుందంటే, ఏసీ మొదలైన కొత్తలో కాయిల్ ఇంకా పూర్తిగా చల్లబడదు, గాలి నేరుగా ఆ బూజు మీదుగా వస్తుంది. తర్వాత రేకుల మీద కొత్త నీటి పొర పరుచుకుని వాసనను కప్పేస్తుంది. సిగ్నల్ దగ్గర గ్యాస్‌ని తిప్పే కంప్రెసర్ కట్ అయితే కాయిల్ వెచ్చబడి మళ్లీ ఒక గుప్పు. మీరు రాసిన ఆ ఒక్క ముక్కతోనే నాకు సగం నమ్మకం కుదిరింది, ఇది కాయిల్ మీద తడి వాసనే అని. పాతబడ్డ కాయిల్ వల్లో, గ్యాస్ తగ్గడం వల్లో కాదు.

గ్యాస్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ‘గ్యాస్ తగ్గింది సార్, అందుకే వాసన’ అని టాపప్ చేసి పంపించేవాళ్లు ఉన్నారు. మన కార్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఎ గ్యాస్‌కి చెప్పుకోదగ్గ వాసనే ఉండదు, పైగా అది పైపుల లోపల తిరిగేదే తప్ప మీ ముక్కు దాకా వచ్చేది కాదు. కూలింగ్ బాగుందంటే గ్యాస్ జోలికి వెళ్లనివ్వకండి.

మరి రెండుసార్లు చేసిన ట్రీట్‌మెంట్ ఎందుకు నిలవలేదు? చాలాచోట్ల దాని అర్థం, ముందు సీటు దగ్గర ఒక చిన్న స్ప్రే డబ్బా నొక్కి వదిలి, పది నిమిషాలు బ్లోయర్ (ఏసీ గాలి కొట్టే ఫ్యాను) తిప్పడం. నిమ్మకాయ వాసనో, లావెండర్ వాసనో కారంతా నిండుతుంది. బూజు పైపొర కొంత చచ్చినా రేకుల మధ్య పేరుకున్న మట్టి అలాగే ఉంటుంది, డబ్బా అడుగున బురద అలాగే ఉంటుంది. దాని మీద మళ్లీ తడి చేరితే మళ్లీ మొదలు. అందులో మోసం ఉందని నేను అనను, పైపైన తుడిస్తే పైపైనే పోతుంది.

పనికి వెళ్లేముందు ఇంటి దగ్గర మీరే రెండు పరీక్షలు చేయండి, పైసా ఖర్చు లేదు.

మొదటిది డ్రెయిన్. కారు పొడి నేల మీద ఆపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఏసీ ఫుల్‌గా పెట్టి ఓ పావుగంట ఆగండి. చుట్టూ గాలి ఆడే చోట చేయండి, తలుపులు మూసిన గ్యారేజీలో వద్దు. ముందు భాగం కింద, చాలా కార్లలో ఎడమవైపు, నీళ్లు చుక్కలు చుక్కలుగా పడాలి. మన వాతావరణంలో పావుగంటకి చిన్న మడుగు కట్టాలి. పడకపోతే పైపు పూడుకుపోయింది. ఆ నీళ్లు డబ్బాలోనే నిలుస్తాయి, పొంగితే మీ పక్క సీటువాళ్ల కాళ్ల కిందకు వస్తాయి. మలుపు తిప్పినప్పుడు డ్యాష్‌బోర్డు లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించినా ఇదే. పైపుని పూడ్చేవి ఏమిటంటే మట్టి, కుళ్లిన ఆకులు, ఒక్కోసారి కందిరీగ పెట్టిన మట్టి గూడు. కింద నుంచి మెత్తటి వైరుతో మెల్లగా కెలికితే వచ్చేస్తుంది. పంక్చర్ షాపులో గాలి పైపు పెట్టి గట్టిగా కొట్టించకండి, లోపల పైపు ఊడిపోతే అప్పుడు నిజంగానే డ్యాష్‌బోర్డు దింపాలి.

రెండోది పాత న్యూస్‌పేపర్. రాత్రి రబ్బరు మ్యాట్లు తీసేసి, నాలుగు సీట్ల ముందూ కార్పెట్ మీద పేపరు పరిచి, పైన ఏదైనా బరువు పెట్టి ఉదయం చూడండి. పేపరు మెత్తబడితే కార్పెట్ కింద ఉండే దళసరి ఫెల్ట్ నీళ్లు పీల్చుకుని ఉందన్నమాట. చేత్తో తడిమితే పైన పొడిగానే అనిపిస్తుంది, మోసపోకండి.

ఈ పేపరు పరీక్ష నాకు ఒక టీచరమ్మ కారు నేర్పింది. మంగళగిరి నుంచి వచ్చారు. అప్పటికే మూడుచోట్ల కాయిల్ కడిగించారట. నేనూ కడిగాను, నాలుగోసారి. వారం తర్వాత ఫోను, ‘అన్నా, మళ్లీ వస్తోంది’ అని. కారు తెప్పించి సీట్లు విప్పి కార్పెట్ ఎత్తితే ఫెల్ట్ పిండితే నీళ్లు. కొన్నాళ్ల క్రితం ముందు అద్దం పగిలితే మార్పించారట, ఎక్కడో అంచున జిగురు సరిగా పడలేదు, వాన పడినప్పుడల్లా లోపలికి ఒక ధార. ఏసీ వేస్తే గాలి ఆ నేలను తగిలి వాసన పైకి లేస్తోంది. కాయిల్‌కి ఏ పాపమూ తెలియదు. ఆమె దగ్గర తీసుకున్న డబ్బులు తిరిగిచ్చి, అప్పట్నుంచి కాయిల్ ముట్టుకునే ముందు నేల చూడటం మొదలుపెట్టాను.

ఇక ఫిల్టరు. చాలా కార్లలో గ్లవ్ బాక్సు దింపితే కనిపిస్తుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. కొన్ని పాత చిన్న కార్లలో, బేసిక్ మోడళ్లలో ఫిల్టరు ఇవ్వనే ఇవ్వలేదు, ఆ చోట ఉత్త ప్లాస్టిక్ మూత ఉంటుంది. మీది తీసి చూడండి. బూడిద రంగు దాటి నల్లబడినా, ఆకులు ఇరుక్కున్నా మార్చేయడమే. బయట మామూలు రకం 250 నుంచి 500 దాకా ఉంటుంది. కొత్తది పెట్టేటప్పుడు పక్కన బాణం గుర్తు చూసి, గాలి పోయే దిక్కుకి పెట్టాలి. కాగితం ఫిల్టరుని నీళ్లతో కడిగి ఆరబెట్టి మళ్లీ వాడేవాళ్లున్నారు, దయచేసి అది చేయకండి, తడి కాగితమే బూజుకి ఇల్లు. కార్బన్ ఫిల్టరు వేస్తే వాసన పోతుందా అని అడుగుతారు. బయట లారీ పొగ, మురుగు కాలువ వాసన తగ్గుతాయి. కాయిల్ మీద పుట్టిన వాసన మాత్రం తగ్గదు, ఎందుకంటే గాలి ముందు ఫిల్టరు దాటి, ఆ తర్వాతే కాయిల్ దగ్గరికి వస్తుంది.

ఎన్నాళ్లకు మార్చాలి అన్నదానికి కంపెనీ పుస్తకంలో ఒక లెక్క ఉంటుంది, మన ఊళ్లలో ఆ లెక్క సరిపోదు. ఇబ్రహీంపట్నం వైపు తిరిగే కార్ల ఫిల్టర్లలో థర్మల్ కరెంటు ప్లాంటు బూడిద సిమెంటు పొరలా పడుతుంది. గానుగ చెట్టు కింద కారు పెట్టేవాళ్లకు ఎండాకాలంలో పూలు రాలి ముందు అద్దం కింది జాలీలోకి జారి కుళ్లుతాయి. ఆ జాలీ నెలకోసారి శుభ్రం చేసుకుంటే సగం రోగం రాదు.

గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన సంగతి చెప్పాలి. ఏసీ వేస్తే చాలు కారులో అందరికీ తుమ్ములు. డస్ట్ ఎలర్జీ అని మాత్రలు కూడా వాడుతున్నారట. గ్లవ్ బాక్సు తీశాను, ఫిల్టరు పసుపు కుంకుమలు చల్లినట్టు ఎర్రగా ఉంది. సీజన్‌లో రోజూ యార్డులో కారు పెట్టి, గాలి బయట నుంచి తీసుకునేలా బటన్ పెట్టి వదిలేశారు. కాయిల్ కడుగుతుంటే నా కళ్లల్లోంచి నీళ్లు ధారలు, మా కుర్రాడు షెడ్డు వదిలి పారిపోయాడు. ఆయనకు ఒకటే చెప్పాను, యార్డు లోపల ఉన్నంతసేపూ లోపలి గాలే తిరిగే బటన్ వేసుకోండి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రెండు నెలలకో ఫిల్టరు మార్చండి అని. అప్పట్నుంచి తుమ్ముల ఫిర్యాదు లేదు.

ఇప్పుడు కాయిల్ కడగడం. మెకానిక్ దగ్గర చేయించినా పక్కన నిలబడి చూడండి, లేదా ఓపిక ఉంటే మీరే చేసుకోవచ్చు. ఏసీ కాయిల్ కోసమే అమ్మే ఫోమ్ డబ్బా, పొడుగు గొట్టం ఉన్నది తీసుకోండి. ఇంజిన్ ఆపి, తాళం తీసేసి, ఫిల్టరు బయట పెట్టాలి. మీ కారులో ఫిల్టరు చోటు బ్లోయర్‌కి, కాయిల్‌కి మధ్యలో ఉంటే టార్చి వేస్తే రేకులు ఎదురుగా కనిపిస్తాయి, అక్కడి నుంచే కొట్టొచ్చు. ఫిల్టరు బ్లోయర్ పైన ఉండే కార్లలో అలా కొడితే ఫోమంతా మోటారు మీద పడుతుంది, చేయకూడదు. అప్పుడు బ్లోయర్ రెసిస్టర్ (బ్లోయర్ వేగం మార్చే భాగం) విప్పిన రంధ్రం నుంచైనా, కింద డ్రెయిన్ పైపు నుంచైనా గొట్టం పంపాలి. ఆ ప్రాంతంలో పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే ముట్టుకోవద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

ఫోమ్ ఒకేసారి ఖాళీ చేయకుండా పైనా కిందా అటూ ఇటూ తిప్పుతూ కొట్టి, 20 నిమిషాలు వదిలేయాలి. నురుగు కరిగి డ్రెయిన్ నుంచి కారుతుంది. కింద ఒక తెల్లటి టబ్బు పెట్టండి. మొదట వచ్చేది ఫిల్టర్ కాఫీ డికాషన్ రంగులో ఉంటుంది, చూస్తే ఇన్నాళ్లూ ఈ గాలా పీల్చాం అనిపిస్తుంది. రెండో డబ్బాకి టీ రంగు రావాలి. అప్పటికీ నల్లగానే వస్తుంటే మూడోది. డబ్బా మీద కడగమని రాసి ఉంటే చేతి స్ప్రేయర్‌తో లీటరు మంచినీళ్లు మెల్లగా కొట్టాలి. వాటర్ సర్వీసింగ్ గన్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, రేకులు వంగి గాలే పోదు.

ఇంట్లో ఉన్న బ్లీచింగు, ఫినాయిల్, బాత్రూమ్ యాసిడ్ ఏదీ కాయిల్ మీద పోయకండి. ఇది ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తప్పు కొత్తల్లో నేనే చేశాను. ఫోమ్ డబ్బా ఖరీదు ఎక్కువని బ్లీచింగు నీళ్లు కలిపి కొట్టాను. వాసన ఆ క్షణంలో పోయింది, కస్టమరు మెచ్చుకుని టీ కూడా తాగించాడు. రెండు నెలల్లో కాయిల్‌కి సూదిమొన రంధ్రాలు, గ్యాసంతా పోయింది. అల్యూమినియానికి బ్లీచింగు పడదని అప్పుడు తెలిసింది. కొత్త కాయిల్ నా జేబులోంచే వేశాను. ఆ నెల ఇంటి అద్దె ఆలస్యంగా కట్టాను.

కడిగాక ఆరబెట్టడం దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. హీటర్ వేసి బయటి గాలి బటన్ పెడతారు. లోపల గాలి వెళ్లే దారి చూడండి: బ్లోయర్, తర్వాత కూలింగ్ కాయిల్, ఆ తర్వాత హీటర్. అంటే హీటర్ వేడి కాయిల్‌కి తగలదు, దాన్ని దాటి మీ మొహానికి వస్తుంది. అదే లోపలి గాలి తిరిగే బటన్ వేస్తే వేడెక్కిన గాలి మళ్లీ బ్లోయర్‌లోకి వెళ్లి కాయిల్ మీదుగా తిరుగుతుంది. కాబట్టి ఏసీ ఆఫ్, హీటర్ ఫుల్, బ్లోయర్ ఫుల్, లోపలి గాలి, చెమ్మ బయటికి పోవడానికి రెండు వెనక అద్దాలు రెండు వేళ్ల మందం దించి, పావుగంట. మీరు మాత్రం కారులో కూర్చోకండి, విజయవాడ ఎండలో అది ఆవిరి స్నానమే. ఆటో క్లైమేట్ (పెట్టిన డిగ్రీకి ఏసీ తనే సర్దుకునే ఏర్పాటు) ఉన్న కార్లలో ఏసీ దానంతటదే ఆన్ అవుతుంటుంది, దాన్ని చేత్తో ఆపాలి. ఆఖర్న అద్దాలన్నీ దించి ఐదు నిమిషాలు బయటి గాలి. అప్పుడు కొత్త ఫిల్టరు.

ఇంత చేశాక వాసన పోతుంది. మళ్లీ రాకుండా ఉండటం మీ చేతిలో పని, అక్కడే నేను ముందు చెప్పిన అలవాటు.

ఇల్లు చేరడానికి నాలుగైదు నిమిషాల ముందు ఏసీ బటన్ ఒక్కటే ఆపండి, బ్లోయర్ తిరుగుతూనే ఉండాలి, గాలి బయట నుంచి రావాలి. మీ దారి నాకు తెలుసు. వారధి దిగి స్క్రూ బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి బటన్ ఆపేయండి, బ్లోయర్ మూడులో పెట్టండి. కాయిల్ చల్లగా ఉంటుంది కాబట్టి మొదటి నిమిషం మీకు తేడా కూడా తెలియదు. తర్వాత కొంచెం ఉక్కగా ఉంటుంది, ఒక్కోసారి లైట్‌గా వాసన కూడా వస్తుంది, అద్దం కొంచెం దించుకోండి. మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల్లో ఇది చేయమంటే మీరు నన్ను తిట్టుకుంటారు, నేనూ చేయను. రాత్రి ఇంటికొచ్చేటప్పుడు మాత్రం తప్పకుండా చేయండి, ఎందుకంటే కారు రాత్రంతా మూసి ఉండేది అప్పుడే. వానాకాలంలో బయటి గాలే తడిగా ఉంటుంది కాబట్టి ఇది అంత బాగా పనిచేయదు. అప్పుడు వారానికోసారి పైన చెప్పిన హీటర్ పద్ధతి పది నిమిషాలు చేసుకోండి. ఈ మధ్య కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక బ్లోయర్ దానంతటదే కాసేపు తిరిగి కాయిల్ ఆరబెట్టే ఏర్పాటు వస్తోంది, మీ కారు మెనూలో ఉందేమో చూడండి.

మా కస్టమర్లలో ఈ ఒక్క అలవాటు పట్టినవాళ్లు మళ్లీ వాసనకి నా దగ్గరికి రావడం చాలా తక్కువ. నా వ్యాపారానికి నష్టమే అనుకోండి.

కారులో పెట్టే సువాసనల గురించి కూడా రెండు మాటలు. జెల్ డబ్బాలు, వేలాడే కాగితాలు వాసనను పోగొట్టవు, ముక్కిన వాసన మీద మల్లెపూల వాసన కలిపి మూడో కంపు తయారుచేస్తాయి. శుక్రవారం కారులో సాంబ్రాణి వేసి తలుపులు మూసి ఏసీ తిప్పేవాళ్లు మన దగ్గర చాలామంది. భక్తిని నేను కాదనను, నా షెడ్డులోనూ అమ్మవారి పటం ఉంది. కానీ ఆ పొగలో జిడ్డు ఉంటుంది, అది పోయి తడి కాయిల్‌కి పట్టుకుంటుంది, దాని మీద దుమ్ము. కారుకి బయట ధూపం చూపించండి చాలు. కారులో సిగరెట్ తాగేవాళ్ల కాయిల్ అయితే ఫోమ్ మూడు డబ్బాలు పోసినా పసుపు నీళ్లే.

అన్ని వాసనలూ బూజు వాసనలు కావు, అది గుర్తుపెట్టుకోండి. తియ్యగా, పాకం కాగినట్టు వాసన వచ్చి ముందు అద్దం లోపలివైపు జిడ్డుగా మసకబారుతుంటే హీటర్ నుంచి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కారుతోంది. రేడియేటర్ నీళ్లు చూడండి, ఆలస్యం చేస్తే ఇంజిన్‌కే ప్రమాదం. వైరు కాలిన వాసన వస్తే బ్లోయర్ ఆపేసి నేరుగా మెకానిక్ దగ్గరికి. పెట్రోల్ వాసన, సైలెన్సర్ పొగ వాసన లోపలికి వస్తుంటే ఏసీ కథ కాదు, కారు పక్కకి తీసి ఆపండి, అద్దాలు తెరవండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తల దిమ్ముగా ఉందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

చచ్చిన ఎలుక వాసన మీకు చెప్పకుండానే తెలిసిపోతుంది. ఫిల్టరు మీద గూడు పెట్టి పిల్లలు పెట్టిన కేసులు కూడా చూశాను. గొల్లపూడి నుంచి ఒకాయన ఎలుకలు రాకుండా బానెట్‌లో పొగాకు కాడలు పెట్టాడు, పొగాకు పండే జిల్లాల్లో అది పాత చిట్కానే. ఎలుకలు రాలేదు నిజమే, కానీ ఆ పొగాకు వానకి నానిపోయి, దాని ఘాటు జాలీ గుండా లోపలికి వచ్చి ఇంట్లో ఆడవాళ్లకు తలనొప్పి. వాళ్లు ఆయనే దొంగచాటుగా చుట్ట తాగుతున్నాడని అనుమానపడ్డారట. పొగాకు పెట్టాలనుకుంటే గుడ్డ సంచిలో కట్టి, జాలీకి దూరంగా పెట్టండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట వైపు ఇళ్లూ కార్లూ మునిగాయి. ఆ నెలంతా మా షెడ్డు ముందు సీట్లు, కార్పెట్లు ఎండబెట్టి ఉండేవి. సీట్లన్నీ విప్పి, ఫెల్ట్ తీసేసి, డబ్బా దింపి కడిగిన కార్లు ఇప్పటికీ బాగానే తిరుగుతున్నాయి. పైపైన కడిగి పెర్ఫ్యూమ్ కొట్టి అమ్మేసినవీ ఉన్నాయి. కారు చూడటానికి వెళ్లినప్పుడు లోపల సువాసన మరీ ఎక్కువగా ఉంటే అనుమానించండి. సీటు బెల్టుని చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూడండి, సీటు కింద పట్టాలకి తుప్పు చూడండి.

మళ్లీ మీ సంగతికి వస్తాను. డ్యాష్‌బోర్డు ఎప్పుడు దింపాలంటే, ఫోమ్ వేసినా కాయిల్ అవతలికి పోనంతగా మట్టి గట్టిపడితే, లేదా లీకు ఉంటే. సర్వీస్ సెంటర్‌ వాళ్లని ఒక్కటే అడగండి, ‘లీకు ఎక్కడుందో చూపించండి’ అని. లీకు ఉంటే కాయిల్ మీద నూనె మరక ఉంటుంది, లీకు డిటెక్టర్ మోగుతుంది, కూలింగ్ తగ్గి ఉంటుంది. మట్టి గట్టిపడింది అంటారా, ఫోనుకి తగిలించుకునే చిన్న కెమెరా వైరుతో రంధ్రంలోంచి కాయిల్ ఫోటో తీసి చూపించమనండి. ఇప్పుడు చాలా షెడ్డుల్లో అది ఉంది. చూపించలేకపోతే దింపనివ్వకండి. దింపిన డ్యాష్‌బోర్డుని ఎంత జాగ్రత్తగా బిగించినా క్లిప్పులు ఒకటో రెండో విరుగుతాయి, తర్వాత గతుకుల్లో కటకట చప్పుడు మొదలవుతుంది. ఒకవేళ నిజంగా మార్చాల్సి వస్తే ఓ-రింగులు (పైపుల అతుకుల దగ్గరి రబ్బరు రింగులు) కొత్తవి వేసి, పైపుల్లో గాలి, చెమ్మ లాగేసే వాక్యూమ్ కనీసం అరగంట పెట్టి, గ్యాస్ తూకం వేసి ఎక్కించమని చెప్పండి.

అమ్మగారి విషయం. కడిగే రోజు ఆవిడని కారు దగ్గర ఉంచకండి, ఫోమ్ ఘాటు కూడా ఆస్తమా ఉన్నవాళ్లకి పడకపోవచ్చు. కడిగిన తర్వాత కారుని అద్దాలు తెరిచి ఒక పూట వదిలేయండి. అసలు పని అయ్యేదాకా, ఆవిడ ఎక్కే ముందే మీరు ఏసీ వేసి అద్దాలన్నీ దించి మూడు నిమిషాలు తిప్పండి, ఆ మొదటి గుప్పు బయటికి పోయాక ఎక్కించండి. కారులో కూర్చున్నప్పుడే ఆయాసం వస్తోందా, దిగాక తగ్గుతోందా అన్నది గమనించి డాక్టరు గారికి చెప్పండి, అది వారికి పనికొచ్చే సమాచారం.

కొన్నిచోట్ల ఓజోన్ మెషిన్ పెడతామంటారు. వాసనను కొన్నాళ్లు అణుస్తుంది, మట్టిని తీయదు. ఆస్తమా ఉన్న ఇంట్లో నేనైతే అది వద్దంటాను. చేయించినా చాలాసేపు గాలి ఆడనిచ్చాకే ఎక్కాలి.

ఈ ఆదివారం డ్రెయిన్, పేపరు రెండూ చూసి ఇక్కడే రాయండి. నీళ్లు ఎన్ని పడ్డాయి, పేపరు ఏ వైపు తడిసింది, ఫిల్టరు ఫోటో ఒకటి. ఎడమవైపు ముందు పేపరు తడిస్తే ఫోమ్ డబ్బాలు అప్పుడే కొనకండి, ముందు పైపు సంగతి తేల్చుకుందాం.